కిలోలు తగ్గలేదని నడక మానకండి

వ్యాయామం మొదలుపెట్టినవారిలో చాలామంది కొన్ని నెలలకే దానిని విరమిస్తారు. కారణమేమని అడిగితే సమయం చాలడం లేదనీ, మోకాళ్లు నొస్తున్నాయనీ చెబుతారు. మరికొంత ఓపికగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: బరువు తగ్గలేదు. మూడు నెలలు క్రమం తప్పక నడిచి, తూకం యంత్రమెక్కి చూస్తే అంకె ఎక్కడిదక్కడే ఉంది. ఇంత శ్రమకు ఫలితం లేనప్పుడు తెల్లవారుజామున నిద్ర చెడగొట్టుకోవడం ఎందుకని మానివేశారు.

ఆరోగ్య విషయంలో మనం చేజేతులా తెచ్చుకుంటున్న పెద్ద నష్టాలలో ఇది ఒకటని నా అభిప్రాయం. బరువు తగ్గకపోయినా వ్యాయామం ఫలిస్తుంది. గుండెకు, రక్తనాళాలకు, కండరాలకు, రక్తంలోని చక్కెరకు అది చేసే మేలులో అధికభాగం కిలోల లెక్కతో నిమిత్తం లేకుండానే సమకూరుతుంది. ఆ మేలును కిలోలలో వెతకడం జ్వరాన్ని కొలతటేపుతో చూడడం వంటిది.

సిద్దిపేటలో నడకకు అనువైన చోటుకు కొదవ లేదు. కోమటి చెరువు కట్ట అభివృద్ధి చెందిన తరువాత ఉదయం, సాయంత్రం అక్కడ అన్ని వయసులవారూ కనబడుతున్నారు. ఉద్యోగ విరమణ చేసినవారు, దుకాణదారులు, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతున్న యువకులు, గృహిణులు నడుస్తున్నారు. ఒక తరం క్రితం ఆడవారు కేవలం ఆరోగ్యం కోసం బయట నడవడం మన ఊళ్లలో అరుదైన విషయం. ఈ మార్పు ఎంతో సంతోషించదగినది. అయితే ఉగాదికి నడక మొదలుపెట్టిన ముఖాలలో కొన్ని బతుకమ్మ పండుగ నాటికి కనబడకుండా పోవడం కూడా నేను గమనిస్తూనే ఉన్నాను.

వృత్తిలో ఉన్నకాలంలో వేర్వేరు నోళ్ల నుంచి ఒకే మాట వినేవాణ్ణి. "సార్, నాలుగు నెలల సంది నడుస్తున్న. కిలో గూడ తగ్గలే. ఇగ నడిచి ఏం ఫాయిద?" అనేవారు. "అమ్మా, ఇదివరకు మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగేవారు కదా, ఇప్పుడో?" అని అడిగితే, "ఇప్పుడు ఆగుతలేను సార్" అని జవాబు వచ్చేది. "రాత్రి నిద్ర?" అంటే "మంచిగ పడుతుంది" అనేవారు. రక్తపరీక్ష కాగితం చూస్తే చక్కెర కూడా కొంత దిగి ఉండేది. ఇన్ని లాభాలు కళ్ల ముందున్నా వారి మనసు మాత్రం ఆ ఒక్క అంకె దగ్గరే నిలిచిపోయేది.

బరువు ఎందుకు తగ్గదు?

ముందుగా లెక్క చూద్దాం. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కెలోరీల శక్తి నిల్వ ఉంటుంది. 65 కిలోల బరువున్న వ్యక్తి అరగంట వేగంగా నడిస్తే, ఊరకే కూర్చున్నప్పటి కంటే అదనంగా ఖర్చయ్యేది దాదాపు 120 కెలోరీలు. అంటే తిండిలో ఏ మార్పూ లేకుండా రోజూ నడిస్తే ఒక కిలో తగ్గడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. నడక ముగించి మిత్రులతో కలిసి ఒక కప్పు చక్కెర చాయ్, రెండు మూడు బిస్కట్లు తీసుకుంటే ఆ 120 కెలోరీలు పది నిమిషాలలో తిరిగి వచ్చేస్తాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. శ్రమించిన శరీరం ఆహారం కోరడం సహజం.

రెండవ కారణం శరీరం చేసుకునే సర్దుబాటు. ఉదయం గంటసేపు నడిచినవారు మిగిలిన పగలంతా తెలియకుండానే కొంత తక్కువగా కదులుతారు. 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలోని హడ్జా తెగవారిపై జరిపిన పరిశోధన ఈ విషయంలో ఆశ్చర్యకరమైన సంగతి వెల్లడించింది. వేట, దుంపల సేకరణలతో జీవించే ఆ ప్రజలు మనకంటే ఎంతో ఎక్కువగా నడుస్తారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే రోజు మొత్తంలో వారు ఖర్చుచేసే శక్తి పాశ్చాత్య దేశాల నగరవాసుల ఖర్చుతో ఇంచుమించు సమానంగానే ఉంది. ఒకచోట ఎక్కువ ఖర్చయితే శరీరం మరొకచోట పొదుపు చేస్తుందన్నమాట.

మూడవ కారణం శరీరంలో పెరిగేవి. వ్యాయామానికి అలవాటుపడిన కండరం తనలో గ్లైకోజెన్ అనే ఇంధనాన్ని ఎక్కువగా నిల్వచేసుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. రక్తంలోని ద్రవ భాగం కూడా కొంత పెరుగుతుంది. బరువులెత్తే వ్యాయామం చేసేవారిలో కండరం కూడా వృద్ధి చెందుతుంది. కనుక మొదటి వారాలలో బరువు ఒక కిలో పెరిగినా కంగారు పడనవసరం లేదు. ఒకవైపు కొవ్వు తగ్గుతూ మరొకవైపు ఇవి పెరిగితే తూకం యంత్రంలో కనబడే తేడా శూన్యం.

లోపల జరిగే మార్పు

అంకె కదలని ఆ మూడు నెలల్లో శరీరంలో ఏం జరుగుతుంది? గుండె ఒక్కో స్పందనకు మునుపటి కంటే ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. అందుచేత విశ్రాంతి సమయంలో నాడి వేగం తగ్గుతుంది. రక్తనాళాల గోడలు సులభంగా వ్యాకోచిస్తాయి. అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సగటున 5 నుంచి 7 పాయింట్ల వరకు దిగుతుంది. కండరాలలో సూక్ష్మ రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. అందుకే ఒకప్పుడు ఆయాసం తెప్పించిన మెట్లు ఇప్పుడు తేలికగా తోస్తాయి.

మధుమేహం ఉన్నవారికి మరొక మేలు ఉంది. రక్తంలోని చక్కెర కండరంలోకి వెళ్లడానికి సాధారణంగా ఇన్సులిన్ అవసరం. పనిచేస్తున్న కండరం మాత్రం ఇన్సులిన్ సహాయం లేకుండా కూడా చక్కెరను గ్రహించగలదు. పైగా ఒకసారి చేసిన వ్యాయామం ప్రభావం ఒకటి రెండు రోజులపాటు నిలుస్తుంది. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు నడిచి వారమంతా ఊరుకోవడం కంటే రోజూ అరగంట నడవడమే మేలని మేము చెప్పేది ఇందుకే.

2001లో అమెరికా వైద్యసంఘం పత్రికలో బూలే బృందం ఒక విశ్లేషణ ప్రచురించింది. మధుమేహులపై జరిగిన 14 వ్యాయామ పరీక్షల ఫలితాలను వారు కలిపి చూశారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ, వ్యాయామం చేసినవారిలో 7.65 శాతం, చేయనివారిలో 8.31 శాతం. తేడా 0.66. కొన్ని మాత్రలు తెచ్చే ఫలితానికి ఇది తీసిపోదు. అయితే రెండు వర్గాల శరీర బరువులో చెప్పుకోదగిన తేడా లేదు. అంటే బరువు కదలకుండానే చక్కెర దిగింది.

అదే కోవలో 2000లో కెనడాలో రాబర్ట్ రాస్ బృందం స్థూలకాయులైన 52 మంది పురుషులపై మూడు నెలలపాటు పరీక్ష జరిపింది. అందులో ఒక వర్గం రోజూ వ్యాయామం చేస్తూ, ఖర్చయిన శక్తికి సమానమైన ఆహారం అదనంగా తీసుకుని బరువు తగ్గకుండా చూసుకుంది. వారిలో కూడా పొట్టలోపలి అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు తగ్గింది, శారీరక సామర్థ్యం పెరిగింది. బరువు కూడా తగ్గిన వర్గాలలో కొవ్వు మరింత తగ్గిందన్నది నిజమే. కానీ బరువు తగ్గనివారు ఉత్త చేతులతో మిగలలేదు.

లండను బస్సులు చెప్పిన సాక్ష్యం

వ్యాయామానికి, గుండెకు గల సంబంధాన్ని శాస్త్రీయంగా మొదట నిరూపించిన ఘనత జెరీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యునిది. ఆయన బృందం లండను రవాణా సంస్థలో పనిచేసే వేలాదిమంది పురుషులను పరిశీలించి 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఒకప్పుడు హైదరాబాదులోనూ తిరిగిన రెండంతస్తుల బస్సుల వంటివే అవి. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు ఇస్తూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, దాదాపు ఒకే జీతం, ఒకే తరగతి జీవితం. అయినా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, ప్రాణాంతకం కావడం కూడా తక్కువ.

డ్రైవర్లు లావుగా ఉండడం వల్లనే ఈ తేడా వచ్చిందేమోనన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. మోరిస్‌కూ కలిగింది. ఆయన సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం పంట్లాముల నడుము కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు పెద్దవే. కానీ సన్ననివారిని సన్ననివారితో, లావైనవారిని లావైనవారితో పోల్చినా కండక్టర్లకే మేలు కనిపించింది. లావైన కండక్టరును కూడా ఆ మెట్లు కొంతమేర కాపాడాయి.

అమెరికాలోని డల్లాస్ నగరంలో స్టీవెన్ బ్లెయిర్ బృందం దశాబ్దాలపాటు చేసిన అధ్యయనం దీనినే మరింత స్పష్టం చేసింది. అక్కడ వ్యాయామం చేస్తున్నారా అని అడిగి ఊరుకోలేదు. ట్రెడ్‌మిల్‌పై నడిపించి సామర్థ్యాన్ని కొలిచారు. 1995లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 9,777 మంది పురుషులలో మొదటి పరీక్షలో బలహీనంగా ఉండి కొన్నేళ్ల తరువాతి పరీక్ష నాటికి సామర్థ్యం పెంచుకున్నవారిలో మరణాల రేటు, బలహీనంగానే ఉండిపోయినవారి కంటే 44 శాతం తక్కువ. 1999లో అదే కేంద్రం సుమారు 22 వేలమంది పురుషుల వివరాలు ప్రకటించింది. స్థూలకాయులైనా సామర్థ్యం ఉన్నవారి కంటే, సన్నగా ఉండి సామర్థ్యం లేనివారిలోనే మరణాల రేటు ఎక్కువగా తేలింది. సన్నగా ఉన్నాం కనుక నడక అవసరం లేదనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

క్రీడారంగం నుంచి మన తెలుగు బిడ్డ ఉదాహరణ ఒకటి చెబుతాను. శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 ప్రపంచ పోటీలలో 54 కిలోల విభాగంలో విజేత. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. ఆమె దేహం సంగతి తూకం యంత్రాన్ని అడిగితే కిలోలు పెరిగాయని మాత్రమే చెబుతుంది. ఆ కిలోలు వేటితో ఏర్పడ్డాయో, అవి ఏ పని చేయగలవో దానికి తెలియదు.

మన శరీరాల ప్రత్యేకత

ఈ విషయం ఇతరుల కంటే భారతీయులకు మరింత ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న చిత్రం ప్రచురితమైంది. అందులో పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన ఉంటారు. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎంఐ ఇద్దరిదీ ఒకటే, 22.3. కానీ శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే తూకంలో రెండింతలకు పైగా కొవ్వు. మనవారిలో కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. చేతులు కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉండే ఆకారం మనకు ఇంటింటా పరిచితమే.

భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహులు, మరో 13.6 కోట్లమంది దాని అంచున ఉన్నారు. సాధారణ స్థూలకాయం 28.6 శాతం మందిలో ఉండగా, పొట్ట లావు 39.5 శాతం మందిలో ఉంది. అంటే బరువు చూసి 'ఫరవాలేదు' అనుకునేవారిలోనూ పొట్ట కొవ్వు ఉన్నవారు ఎందరో ఉన్నారు. అదే సర్వేలో భాగంగా నాలుగు ప్రాంతాల నుంచి 2014లో వెలువడిన వివరాల ప్రకారం 54.4 శాతం మంది తగినంత శారీరక శ్రమ లేనివారు. తీరిక సమయంలో వ్యాయామమో, ఆటో అలవాటున్నవారు పది శాతం కూడా లేరు.

"మేము పొద్దంతా పనిచేస్తూనే ఉంటాం, మాకు వ్యాయామం ఎందుకు?" అన్న ప్రశ్న మన జిల్లాలో తరచుగా వినబడుతుంది. దుబ్బాక ప్రాంతంలో బీడీలు చుట్టే అమ్మలు ఉదయం నుంచి చీకటి పడేదాకా చాట ముందు కూర్చుంటారు. నడుము నొస్తుంది, మెడ లాగుతుంది, ఒళ్లంతా అలసిపోతుంది. కానీ ఆ అలసట గుండెకు, పెద్ద కండరాలకు వ్యాయామం కాదు. కుట్టుమిషను పని, దుకాణంలో కూర్చోవడం, కంప్యూటరు కొలువు అన్నీ ఇంతే. వ్యవసాయంలో సైతం ట్రాక్టరు, కోత యంత్రం, పొలం దాకా బండి వచ్చాక శ్రమ మునుపటి వలె లేదు. అన్నం మాత్రం మునుపటి వలెనే ఉంది.

మరి బరువు లెక్కలోకి రాదా?

వస్తుంది. బరువును పట్టించుకోనక్కరలేదని నేను చెప్పడం లేదు. మోకాళ్ల అరుగుదల, గురకతో కూడిన నిద్రలో శ్వాస ఆగడం, కాలేయంలో కొవ్వు, మధుమేహం వంటి వాటిలో బరువు తగ్గడం వల్ల ప్రత్యేకమైన మేలు ఉంది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరీక్షలో మధుమేహులు కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గగా, ఏడాది తరువాత 46 శాతం మందిలో మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఇది 86 శాతం. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ బరువు తగ్గినది ప్రధానంగా ఆహారం వల్ల.

నా వాదన సారాంశం ఇదే. బరువు తగ్గించే పని ముఖ్యంగా వంటింటిది. సామర్థ్యం పెంచే పని వ్యాయామానిది. రెండూ అవసరమే. కానీ వంటింటి పని జరగలేదని నడకను శిక్షించడం న్యాయం కాదు. మూడు పూటలా తెల్లన్నం, తీయటి చాయ్‌లు, సాయంత్రం బజ్జీలు యథాతథంగా ఉంచి, తగ్గని బరువుకు నడకను నిందించే అలవాటు మనం మానుకోవాలి. అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూరగాయలు పెంచడం, వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టెకు మళ్లడం బరువుకు చేయవలసిన వైద్యం.

వ్యాయామం లేకుండా కేవలం కడుపు మాడ్చుకుని తగ్గే బరువులో సుమారు నాలుగోవంతు కండరం, ఇతర కొవ్వుకాని భాగమే ఉంటుంది. ఇటీవల ప్రచారంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అరవై దాటినవారికి పోయిన కండ తిరిగి రావడం కష్టం. మరొక మాట: బరువు తగ్గడం ఎల్లప్పుడూ శుభవార్త కాదు. ప్రయత్నం లేకుండా నెలల వ్యవధిలో కిలోలు కరిగిపోతుంటే అదుపు తప్పిన చక్కెర, క్షయ, థైరాయిడ్ దోషం, కేన్సర్ వంటివి కారణం కావచ్చు. "సన్నబడ్డారు, బాగున్నారు" అన్న పొగడ్తలకు మురిసిపోకుండా వెంటనే వైద్యుని కలవాలి.

దేనిని కొలవాలి?

తూకం యంత్రాన్ని నెలకొకసారి ఎక్కితే చాలు. దాని బదులు ఒక చిన్న నోటుపుస్తకంలో ఈ కింది వాటిని రాసుకోండి.

1. నాడి: ఉదయం మంచం దిగకముందు ఒక నిమిషంపాటు లెక్కించండి. క్రమంగా వ్యాయామం చేసేవారిలో ఇది వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వాడేవారికి ఈ కొలత వర్తించదు.

2. కాలం: చెరువు కట్ట మీదనో, మీ వీధిలోనో ఒక దూరం నిర్ణయించుకోండి. ఆ దూరానికి పట్టే నిమిషాలను పదిహేను రోజులకొకసారి రాయండి.

3. కాళ్ల బలం: చేతుల్లేని కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీపై కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో చూడండి. 60 నుంచి 64 ఏళ్ల పురుషులు 14 సార్ల కంటే, స్త్రీలు 12 సార్ల కంటే తక్కువ లేవగలిగితే కాళ్ల బలం సగటు కంటే తక్కువని అర్థం.

4. నడుము: చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి మధ్య, ఊపిరి వదిలిన తరువాత టేపుతో కొలవండి. పొట్ట కింద పంట్లాము కట్టుకునే చోట కొలిస్తే లాభం లేదు. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు.

5. రక్తపోటు, చక్కెర: ఈ జబ్బులున్నవారు రక్తపోటును క్రమంగా, హెచ్‌బీఏ1సీని మూడు నెలలకొకసారి చూపించుకోవాలి.

6. రోజువారీ పనులు: నేల మీద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా? బియ్యం సంచి జరపగలుగుతున్నారా? మనవడిని ఎత్తుకుని మెట్లెక్కగలుగుతున్నారా? ముసలితనంలో ఒకరిపై ఆధారపడకుండా బతకడం వీటి మీదనే ఆధారపడి ఉంటుంది.

చేతి పిడికిలి బలం గురించి కూడా ఒక మాట. మన దేశంతో సహా 17 దేశాలలో సుమారు 1.4 లక్షలమందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో ఒక సంగతి తెలిపింది. పిడికిలి బలం 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ ప్రమాదం 16 శాతం చొప్పున పెరిగింది. మరణాన్ని ముందుగా సూచించడంలో అది రక్తపోటు పై అంకె కంటే మెరుగ్గా పనిచేసింది. బలం అంటే కుస్తీ పట్టేవారికి మాత్రమే సంబంధించిన విషయమని ఇక అనుకోవద్దు.

ఎంత, ఎలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ వేగంతో, లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్రంగా వ్యాయామం చేయాలి. మధ్యస్థ వేగమంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కబుర్లు సాగినంతసేపూ సాగే షికారు నడకతో సామర్థ్యం పెద్దగా పెరగదు. మామూలుగా నడుస్తూ మధ్యమధ్య ఒక నిమిషం వేగం పెంచి, మళ్లీ తగ్గించడం మంచి పద్ధతి.

మనవారు పూర్తిగా విస్మరిస్తున్నది బలం పెంచే వ్యాయామం. వారానికి కనీసం రెండు రోజులు ఇది ఉండాలి. జిమ్ము తప్పనిసరి కాదు. మన ఊళ్ల తాలీముఖానాలలో తీసిన దండాలు, బైఠకులు ఇవే. మోకాళ్లు సహకరించనివారు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి నెట్టడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం చేయవచ్చు. 65 దాటినవారు వారానికి మూడు రోజులు శరీర సమతౌల్యం నిలిపే కసరత్తులు కూడా చేయాలి. ఆసరా దగ్గర ఉంచుకుని ఒంటికాలిపై నిలబడడం అలాంటిదే. పడిపోయి తుంటి విరగ్గొట్టుకోవడం వృద్ధుల జీవితాన్ని ఎలా తలకిందులు చేస్తుందో చాలా కుటుంబాలకు తెలుసు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్లున్నా, అసాధారణమైన ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా ఆగి వైద్యుని సంప్రదించాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పరగడుపున ఎక్కువసేపు శ్రమించరాదు. జేబులో చక్కెరో, గ్లూకోజో ఉంచుకోవాలి. పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవరాదు. గుండెజబ్బు ఉన్నవారు, చాలా ఏళ్లుగా కదలికలేనివారు వైద్య సలహాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

ఎవరు ఏం చేయాలి?

వైద్యులకు ఒక మనవి. మందుల చీటీ చివర 'బరువు తగ్గాలి' అని రాసి పంపడం వల్ల రోగికి కలిగేది అపరాధ భావన మాత్రమే. దాని బదులు వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, ఏ వేగంతో నడవాలో మందు మోతాదు వలె రాయాలి. తరువాత వచ్చినప్పుడు మొదట కిలోలు అడగకుండా మెట్లెక్కడం ఎలా ఉందో అడగాలి. వ్యాయామశాలలు గోడలపై అతికించే 'మునుపు–తరువాత' చిత్రాల మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. అవి ఆకారాన్ని అమ్ముతాయి. ఆ ఆకారం రాని తొంభై రోజుల తరువాత మనిషి ఆరోగ్యాన్ని కూడా వదులుకుంటాడు.

కుటుంబ సభ్యుల బాధ్యత ఇంకా పెద్దది. "ఇన్ని దినాలు నడిచినవు, ఏం తగ్గినవ్?" అన్న ఒక్క పరిహాసం ఎందరో ఆడవారి నడకను ఆపేసింది. ఉదయం ఆరు గంటలకు ఆమె చెరువు కట్ట మీద ఉండాలంటే ఇంట్లో చాయ్, పిల్లల టిఫిన్ బాక్సులు మరొకరు చూసుకోవాలి. ఆ గంట ఆమెకు దక్కితే, ఆ ఇంటికి రాబోయే పదేళ్లలో ఆసుపత్రి ఖర్చు తగ్గవచ్చు. పట్టణ పాలకులు కూడా నడకదారులను చెరువు దగ్గరికే పరిమితం చేయకుండా ప్రతి వార్డులో వెలుతురున్న కాలిబాట, స్త్రీలకు మరుగుదొడ్డి సమకూర్చాలి. చెరువు దాకా బండి మీద వచ్చి నడిచే స్తోమత అందరికీ ఉండదు.

ఇప్పటికే నడక మానివేసిన పాఠకులు ఎవరైనా ఉంటే వారికి నా సూచన ఒక్కటే. రేపు నాడి, నడుము, నడక సమయం, కుర్చీ పరీక్ష ఫలితం నాలుగూ నోటుపుస్తకంలో రాసి మళ్లీ మొదలుపెట్టండి. పన్నెండు వారాల తరువాత వాటిని తిరిగి కొలవండి. బరువు అలాగే ఉన్నా సరే, ఆ పుస్తకం తీసుకుని మీ వైద్యుని దగ్గరకు వెళ్లండి. మందుల మోతాదు గురించి మాట్లాడడానికి కిలోల కంటే ఆ నాలుగు అంకెలే ఎక్కువ ఉపయోగపడతాయి.